రొమేనియన్ భాష, దాని పొరుగు భాషలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో రొమేనియా గురించి వచ్చినవాటిని ఒకచోట చేర్చాం. అన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్ల నుంచి వచ్చినవే. రొమేనియన్ మాటలను తెలుగు లిపిలోనే ఇచ్చాం. మాట చివర (ఇ) అని ఉంటే దాన్ని గొంతు కలపకుండా గుసగుసగా అనాలి. పక్కన నక్షత్రం ఉంటే ఆ మాటలోని మొదటి ఇకారం మన ఇకారం కాదు. ‘ఉ’ అంటూ పెదాలు గుండ్రంగా చుట్టకుండా పక్కలకు లాగితే వచ్చే అచ్చు అది.

ప్రశ్న: మా అమ్మాయికి రొమేనియాలోని తిర్గు మురెష్‌లో* డాక్టరు కోర్సులో సీటు వచ్చింది. పాఠాలు ఇంగ్లీషులోనే అంటున్నారు. అయినా వాళ్ల భాష నేర్చుకోవాలా? ఆరు నెలల టైముంది, ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక తల్లి, బరంపురం

నేర్చుకోవాలండీ, తప్పదు. అక్కడ కోర్సు ఆరేళ్లు. మొదట్లో అనాటమీ, బయోకెమిస్ట్రీ లాంటివి ఇంగ్లీషుతో గడిచిపోతాయి. వార్డుల్లో పని మొదలయ్యాక మంచం మీదున్న పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. ఆవిడ నొప్పి ఆవిడ భాషలోనే చెబుతుంది.

ఇంగ్లీషు మీదుగా కాకుండా తెలుగు నుంచి నేరుగా నేర్చుకోమనండి. రొమేనియన్ లాటిన్ నుంచి పుట్టిన భాషే అయినా, కొన్ని పట్టింపుల్లో మనకే దగ్గర. ‘నాకు ఆకలి’ని వాళ్లు ‘మియె ఫ్వామె’ అంటారు. ‘మియె’ అంటే అక్షరాలా ‘నాకు ఉంది’. దాహమైతే ‘మియె సెతె’, చలి అయితే ‘మియె ఫ్రిగ్’, భయమైతే ‘మియె ఫ్రిక’. మనం ‘నేను ఆకలి’ అననట్టే వాళ్లూ అనరు. ఇంగ్లీషులోంచి తర్జుమా చేసుకునే పిల్లలు ప్రతి వాక్యం ముందూ ‘యెవ్’ (నేను) తగిలిస్తారు. ‘వెళ్తాను’లో నేను దాగి ఉన్నట్టు అక్కడా క్రియ చివరే కర్త తెలిసిపోతుంది. ఊరికే ‘మెర్గ్’ అంటే చాలు.

మర్యాద సంగతీ అంతే. నువ్వుకు ‘తు’, మీరుకు ‘దుమ్నెవ్వాస్త్ర’. ఈ రెండోదానికి క్రియ ఎప్పుడూ బహువచనమే, ఎదుట ఒక్కరున్నా సరే. అతను, ఆయన అన్న తేడా కూడా ఉంది: ఆయనకు ‘దుమ్నాలూయ్’, ఆవిడకు ‘దుమ్నెయ్యెయ్’. రోగిని ‘తు’ అనకూడదు. క్రియ చివర ‘ట్స్(ఇ)’ వస్తే అది మన ‘అండి’ పని చేస్తుంది: ‘తుషిట్స్(ఇ)’ దగ్గండి, ‘దెస్కిదెట్స్(ఇ) గూరా’ నోరు తెరవండి, ‘రెస్పిరాట్స్(ఇ) అదింక్*’ గట్టిగా ఊపిరి పీల్చండి. వీటికి ‘ఉండె వ ద్వారె?’ (మీకు ఎక్కడ నొప్పి?), ‘దె కిండ్*?’ (ఎప్పట్నుంచి?) కలిపితే వార్డులో మొదటి రోజు గట్టెక్కుతుంది.

ధ్వనుల్లో మనకు రెండు లాభాలు. మొదటిది ‘ట్స’ అక్షరం. చలి, చుట్టం అనేటప్పుడు మన నాలుక చేసేదే అది, పాత పుస్తకాల్లో ‘ౘ’ అని రాసేవారు. రెండోది అ, ఆల తేడా. ‘కాస’ అంటే ఒక ఇల్లు, ‘కాసా’ అంటే ఆ ఇల్లు. చాలామంది విదేశీయులు రెంటినీ ఒకేలా పలికి చిక్కుల్లో పడతారు, తెలుగు చెవికి ఆ తేడా ఇట్టే దొరుకుతుంది.

నష్టం ఒకటుంది, దాని మీద మొదటి నెల నుంచీ కష్టపడాలి. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి గనక చివరి గుసగుస ఇకారాన్ని మనవాళ్లు నిండు ఇకారం చేసేస్తారు. ‘దింతె’ ఒక పన్ను. ‘దింట్స్(ఇ)’ పళ్లు. ‘దింట్సీ’ అంటే ఆ పళ్లు. రెండోదాన్ని నిండుగా పలికితే మూడోది అయిపోతుంది. దీనికి సాధన: అద్దం ముందు ‘దింట్స్’ వరకు పలికి గొంతు ఆపేసి, నాలుకను మాత్రం ఇకారపు చోటికి జరపాలి. శబ్దం రాకూడదు, గాలి మాత్రమే రావాలి. రోజుకు పది నిమిషాలు చాలు.

ఊనిక కూడా చూసుకోవాలి, రాతలో దానికి గుర్తుండదు. ‘ఆచెలె’లో మొదటి అక్షరం మీద బరువు వేస్తే సూదులు, రెండోదాని మీద వేస్తే ‘ఆ’ అనే నిర్దేశం. ఆసుపత్రిలో రెండూ రోజూ వినపడేవే.

వ్యాకరణంలో ముందుగా పట్టుకోవాల్సింది లింగం. మూడున్నాయి, కానీ నపుంసకానికి వేరే రూపాలు లేవు. ఏకవచనంలో పుంలింగంలా, బహువచనంలో స్త్రీలింగంలా నడుస్తుంది. కాలు ‘ఉన్ పిచోర్’, రెండు కాళ్లు ‘దోవ పిచ్వారె’. పన్ను పుంలింగం కాబట్టి రెండు పళ్లు ‘దోయ్ దింట్స్(ఇ)’. అందుకే ఏ నామవాచకాన్నైనా ‘ఒక’, ‘రెండు’ చేర్చి జంటగానే నోట్సులో రాసుకోవాలి, ఒంటి మాట రాసుకుంటే మళ్లీ నేర్చుకోవాల్సిందే. ఇంకొకటి, ఇరవై నుంచి అంకెకూ మాటకూ మధ్య ‘దె’ రావాలి. పంతొమ్మిదేళ్లు ‘నోవస్ప్రెజెచె ఆన్(ఇ)’, ఇరవయ్యేళ్లు ‘దోవజెచ్(ఇ) దె ఆన్(ఇ)’.

టైము ఇలా పంచండి: మొదటి రెండు వారాలు ధ్వనులూ చదవడమూ, తర్వాత రెండున్నర నెలలు వర్తమాన కాలం, ‘నాకు’ వాక్యాలు, జంట నామవాచకాలు, నాలుగో నెల శరీర భాగాలూ వార్డు ప్రశ్నలూ. మిగతా రెండు నెలలు రొమేనియా ప్రభుత్వ రేడియో వార్తలు రోజూ వినాలి, అర్థం కాకపోయినా సరే.

ఆ ఊరి గురించి ఒక ముఖ్యమైన మాట. తిర్గు మురెష్‌లో* హంగేరియన్ మాట్లాడేవాళ్లు చాలా ఎక్కువ, 2011 జనగణనలో ఊళ్లో పదిమందిలో నలుగురికి పైగా వాళ్లే. అక్కడి వైద్య విశ్వవిద్యాలయం రొమేనియన్, హంగేరియన్, ఇంగ్లీషు మూడింట్లోనూ బోధిస్తుంది. హంగేరియన్‌లో ఊరి పేరు మరోష్‌వాషార్‌హేయ్. బరంపురం, బ్రహ్మపూర్ రెండూ విని పెరిగిన పిల్లకు ఇది వింత కాదు. రొమేనియన్ కాస్త నిలబడ్డాక ‘హోల్ ఫాయ్?’ (ఎక్కడ నొప్పి?), ‘కోసోనోమ్’ (ధన్యవాదాలు) నేర్చుకుంటే చాలు, పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ల ముఖాలు విప్పారతాయి.

ప్రశ్న: మా తమ్ముడు షటరింగు పనికి అక్కడికి వెళ్తున్నాడు. భాష నేర్చుకునే టైము లేదు. కనీసం ఏం తెలియాలి? – గంజాం జిల్లా నుంచి

బోర్డులు. ‘అతెంట్సియె’ జాగ్రత్త. ‘పెరికోల్’ ప్రమాదం. ‘ఇనాల్త తెన్సియూనె*’ హై వోల్టేజి. ‘ను అతింజెట్స్(ఇ)’ ముట్టుకోవద్దు. ‘ఇంటెర్జిస్’ నిషేధం. ‘ఇయెషిరె’ బయటికి దారి. తలుపు మీద ‘ట్రాజెట్స్(ఇ)’ ఉంటే లాగాలి, ‘ఇంపింజెట్స్(ఇ)*’ ఉంటే తోయాలి. ఆపదలో ఫోను 112.

జీతం కాగితం ఇంకా ముఖ్యం. అక్కడి చట్టం ప్రకారం ఉద్యోగ ఒప్పందం రాతపూర్వకంగా, రొమేనియన్ భాషలో ఉండాలి. ఏజెంటు ఇచ్చే ఇంగ్లీషు కాగితం దానికి బదులు కాదు. అందులో ‘బ్రుత్’ అంటే కోతలకు ముందు మొత్తం, ‘నెత్’ అంటే చేతికొచ్చేది. మామూలు లెక్కలో బ్రుత్ నుంచి పెన్షనుకు 25 శాతం, ఆరోగ్య బీమాకు 10 శాతం పోతాయి. మిగిలినదాని మీద 10 శాతం ఆదాయపు పన్ను. అంటే ఏ మినహాయింపూ లేకపోతే వందకు 58 రూపాయల 50 పైసల లెక్కన చేతికొస్తుంది. ఏజెంట్లు చెప్పేది తరచుగా మొదటి అంకె, ఇంట్లోవాళ్లు అప్పు లెక్క కట్టుకునేది దాని మీద. సంతకానికి ముందే ‘నెత్ ఎంత?’ అని అడిగి రాయించుకోండి.

అంకెల రాత కూడా తిరగేసి ఉంటుంది. వేలకు చుక్క, దశాంశానికి కామా. ‘4.050,00’ అంటే నాలుగు వేల యాభై.

ప్రశ్న: ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాది. రొమేనియాలో రోమా జనం మాట్లాడే భాష మన దేశం నుంచి వెళ్లిందనీ, ఒడియాలా ఉంటుందనీ విన్నాను. నిజమెంత? – చీరల వ్యాపారి, పర్లాకిమిడి

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. రొమేనియన్, రోమానీ పేర్లు కలిసినట్టు కనిపిస్తాయి గానీ వాటికి చుట్టరికం లేదు. మొదటిది రోము నగరం పేరు నుంచి వచ్చింది, లాటిన్ సంతతి. రెండోది రోమానీలోని ‘రోమ్’ (మనిషి, భర్త) నుంచి వచ్చింది. అది హిందీ, మరాఠీ, ఒడియాల కుటుంబానికి చెందిన భాష.

ఒడియాకు కూతురు కాదు, పెదనాన్న పిల్లల వరస. పోలిక మాత్రం ఒడియా తెలిసినవాళ్లకు చెవిన పడగానే తెలుస్తుంది. నీళ్లు రోమానీలో ‘పానీ’, ఒడియాలో ‘పాణి’. చెవి ‘కాన్’, ఒడియాలో ‘కాన’. ముక్కు ‘నఖ్’, ‘నాక’. పన్ను ‘దంద్’, ‘దాంత’. ఉప్పు ‘లోన్’, ‘లుణ’. నలుపు ‘కాలో’, ‘కళా’. పెద్ద ‘బారో’, ‘బడ’. రెండును ఇద్దరూ ‘దుయ్’ అనే అంటారు.

సూటిగా కనిపించని మాటలకు ఒక సూత్రముంది. మన ఘ, ధ, భలు రోమానీలో మాట మొదట ఖ, థ, ఫలు అయ్యాయి. ఒడియా ‘ఘర’ అక్కడ ‘ఖేర్’. సంస్కృతం భ్రాత ‘ఫ్రాల్’, భూమి ‘ఫువ్’, ధూమం ‘థువ్’. పాలకు ఒడియాలో ‘దుధ’, రోమానీలో ‘థుద్’. చివర ఉన్న ఒత్తు ముందుకు జరిగి, ఆ తర్వాత ఈ సూత్రానికి లోబడింది. ఇది తెలిస్తే నిఘంటువు లేకుండానే కొన్ని పదుల మాటలు పట్టుకోవచ్చు.

అంకెలు ప్రయాణపు దారిని చెబుతాయి. యేఖ్, దుయ్, త్రిన్, శ్తార్, పాంజ్, శోవ్ వరకు మనవే. ఏడు ‘ఎఫ్తా’, ఎనిమిది ‘ఓఖ్తో’, తొమ్మిది ‘ఎన్యా’ గ్రీకువి. పది మళ్లీ మనది, ‘దెశ్’. గ్రీకు మాట్లాడే నేల మీద చాలా తరాలు ఉన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పారశీకం, ఆర్మీనియన్ల నుంచి వచ్చిన మాటలు అంతకు ముందరి మజిలీలను చూపిస్తాయి. ఈ భాష భారతదేశానిదని ఐరోపా పండితులు 1780ల్లో, మాటలు పక్కపక్కన పెట్టి చూసి గుర్తించారు.

అలాగని పర్లాకిమిడి నుంచి వెళ్లి రోమానీలో బేరమాడలేరు. వేయి సంవత్సరాల దూరం ఉంది, వాక్య నిర్మాణంలో గ్రీకూ రొమేనియనూ బాగా కలిశాయి. ఎదురు ప్రవాహమూ ఉంది. రొమేనియన్ కుర్రాళ్లు ‘భలే’ అనేందుకు వాడే ‘మిష్తో’, కొట్టేయడానికి వాడే ‘చోర్ది’ రోమానీ నుంచి వచ్చినవే. ఆ రెండో మాటలోని ‘చోర్’ను మీరు పోల్చుకునే ఉంటారు.

ఈ భాష ఎందుకు బక్కచిక్కిందో చెప్పకపోతే జవాబు సగమే అవుతుంది. ఇప్పటి రొమేనియాలోని మోల్దావియా, వలాకియా సంస్థానాల్లో రోమా జనాన్ని శతాబ్దాల పాటు బానిసలుగా ఉంచారు, కొన్నారు, అమ్మారు. ఆ బానిసత్వం పూర్తిగా రద్దయింది 1855, 1856ల్లో. 2011 జనగణనలో తాము రోమా అని చెప్పుకున్నవాళ్లు 6 లక్షల 20 వేల పైచిలుకు, రోమానీ మాతృభాష అన్నవాళ్లు రెండున్నర లక్షల లోపు. భాష చెప్పుకుంటే చిన్నచూపు చూస్తారని దాచుకున్న ఇళ్లు ఎన్నో. 1990 నుంచి బడుల్లో రోమానీ పాఠాలు మొదలయ్యాయి. భాషావేత్త గియోర్గె సరవ్ అందుకోసం పాఠ్యపుస్తకాలు రాసి, టీచర్లను తయారుచేశారు. ఆయన చేసింది చాలా పెద్ద పని. మాండలికాలు ఎక్కువ కాబట్టి పుస్తకంలోని మాటకూ ఇంట్లో మాటకూ తేడా వస్తుంది. టీచరు ఇంటి మాటను తప్పని కొట్టేస్తే పిల్ల నోరు మూతపడుతుంది. ఈ పాఠాలు దెబ్బతినేది చాలావరకు అక్కడే.

ప్రశ్న: గజపతి జిల్లాలో తెలుగు పిల్లలకు పాఠం చెబుతాను. రొమేనియాలో హంగేరియన్ పిల్లలు పన్నెండో తరగతి దాకా తమ భాషలోనే చదువుతారట. అదెలా సాధ్యమైంది? అందులో మనం తీసుకోదగ్గది ఏమైనా ఉందా? – ఒక ఉపాధ్యాయుడు

ఉంది మాస్టారూ, వద్దనుకోవాల్సిందీ ఉంది.

రొమేనియా రాజ్యాంగం 13వ అధికరణం ప్రకారం అధికార భాష ఒక్కటే, రొమేనియన్. కానీ 32వ అధికరణం జాతీయ అల్పసంఖ్యాకులకు మాతృభాషలో చదివే హక్కు ఇస్తుంది. 120వది, వాళ్ల జనాభా గణనీయంగా ఉన్న చోట స్థానిక కార్యాలయాల్లో ఆ భాష వాడాలంటుంది. ‘గణనీయం’ అంటే ఎంత అన్న పేచీ రాకుండా 2001 స్థానిక పాలనా చట్టం గీత గీసింది: 20 శాతం. దాన్ని ఏ ఊరికి ఆ ఊరికి, ఏ పట్నానికి ఆ పట్నానికి విడిగా చూస్తారు. ఆ గీత దాటిన చోట ఊరి పేరు బోర్డు రెండు భాషల్లో ఉండాలి, మాతృభాషలో అర్జీ పెడితే జవాబు రొమేనియన్‌తో పాటు ఆ భాషలోనూ రావాలి, కౌన్సిల్ సభ్యుల్లో తగినంతమంది ఆ భాషవాళ్లయితే సమావేశంలో అందులో మాట్లాడవచ్చు, అనువాదం ఏర్పాటు చేయడం కార్యాలయం పని.

దీనికి తోడు ఐరోపా ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఒడంబడికను 2007లో చట్టం చేసి 2008 నుంచి అమలు చేస్తున్నారు. అందులో 20 భాషల పేర్లున్నాయి. వాటిలో పదింటికే గట్టి హామీలు: హంగేరియన్, జర్మన్, ఉక్రేనియన్, సెర్బియన్, స్లొవాక్, చెక్, క్రొయేషియన్, బల్గేరియన్, రష్యన్, టర్కిష్. రోమానీ ఆ పదిలో లేదు. అది అన్యాయమనే మా అభిప్రాయం.

మన దగ్గర పోల్చి చూసుకుంటే, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు 1956లో చేర్చిన 350ఎ అధికరణం ఉంది. తరగతిలో పదిమంది, లేదా బడిలో నలభైమంది పిల్లలుంటే టీచరును ఇవ్వాలన్న పాత సూత్రమూ ఉంది. తాలూకాలోనో మున్సిపాలిటీలోనో 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన నోటీసులు ఆ భాషలో వేయడం మేలన్న మాటా 1956 నాటిదే. కాగితం మీద మనమేమీ వెనకబడి లేం. వాళ్లకున్నది, ‘చేయాలి’ అన్న క్రియ.

వద్దనుకోవాల్సింది ఆ గీతే. 2002 జనగణనలో క్లూజ్ నగరంలో హంగేరియన్లు 60 వేల పైన ఉన్నారు, కానీ నగరం పెద్దది కావడంతో 19 శాతం. అరవై వేలమందికి లేని చట్టపు హక్కు, వెయ్యిమంది ఊళ్లో రెండు వందలమందికి ఉంది. శాతం ఒక్కటే కొలతైతే పట్నం పెరిగిన కొద్దీ హక్కు కరిగిపోతుంది. మన పది, నలభై సూత్రం తలలు లెక్కపెడుతుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో అదే మేలైనది. మీ అర్జీల్లో శాతాల జోలికి పోకుండా పిల్లల పేర్ల జాబితా జతచేయండి.

ఇక మీ తరగతి గదికి పనికొచ్చే సంగతి. హర్గితా జిల్లాలో ఐదింట నాలుగు వంతులకు పైగా హంగేరియన్లే. అక్కడి పిల్లలకు రొమేనియన్ వినపడేది దాదాపు బడిలోనే. అయినా ఏళ్ల తరబడి వాళ్లకూ రొమేనియన్ ఇంటి పిల్లలకూ ఒకే భాషా సిలబస్ నడిచింది. పాత సాహిత్యం, విమర్శ బట్టీ పట్టి, పరీక్ష రాసి, చివరికి టికెట్టు కౌంటరు దగ్గర నోరు పెగలని పరిస్థితి. ఇంటి భాష కానిదాన్ని ఇంటి భాషలా బోధించడమే అక్కడి తప్పు. 2011 విద్యాచట్టం ఈ పిల్లలకు వేరే రొమేనియన్ సిలబస్‌కు దారి తెరిచింది. హంగేరియన్‌లో వ్యాకరణ లింగం లేదు గనక ఆ పిల్లలు తడబడేది రొమేనియన్ లింగంలోనే. పాఠం అక్కడ నిలబడి చెప్పాలి.

మన పిల్లలకు ఒడియా నేర్పేటప్పుడు తడబాటు ఎక్కడో ముందు గుర్తించండి. లింగం దగ్గర ఇబ్బంది లేదు. వచ్చాడు, వచ్చింది రెండింటికీ ఒడియాలో ‘ఆసిలా’ ఒక్కటే. చిక్కంతా అకారంలో ఉంది. తెలుగు అలవాటుతో ‘కలమ’ అని చదువుతారు, ఒడియా నోట అది ‘కొలొమొ’కు దగ్గర. అక్షరాలు ముందు నేర్పితే ఈ తప్పు కుదురుకుపోతుంది. అందుకని మొదటి ఏడాది ఒడియా చెవికీ నోటికే ఉండాలి, పలక మీదికి రాకూడదు. వారానికి పన్నెండు మాటలు, మూడు వాక్య నమూనాలు మించొద్దు. తెలుగులో ధారాళంగా చదవడం వచ్చాకే ఒడియా లిపి అందుకోండి. ఒక భాషలో చదవడం వచ్చిన బిడ్డకు రెండో లిపి కొన్ని వారాల పని. రెండూ ఒకేసారి మొదలుపెడితే ఏదీ కుదరక మూడో తరగతికి వస్తారు.

ప్రశ్న: మోల్డోవా దేశంలో ‘మోల్డోవన్’ అనే వేరే భాష ఉందా? – పోటీ పరీక్షల అభ్యర్థి, జయపురం

లేదు. అది రొమేనియనే. సోవియట్ కాలంలో సిరిలిక్ లిపిలో రాయించి వేరే పేరు పెట్టారు. 1989 ఆగస్టు 31న లాటిన్ లిపికి మళ్లారు. 1991 స్వాతంత్ర్య ప్రకటనలో ‘రొమేనియన్’ అనీ, 1994 రాజ్యాంగంలో ‘మోల్డోవన్’ అనీ ఉంది. 2013 డిసెంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం మొదటిదే చెల్లుతుందంది, 2023లో చట్టాలన్నిటా ‘రొమేనియన్’ అని మార్చారు. మోల్డోవా నుంచి విడిగా నడుస్తున్న ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతంలో మాత్రం సిరిలిక్ ఇంకా నడుస్తోంది. మోల్డోవాలోనే గగావుజ్ అనే టర్కిక్ భాష ఉంది, మాట్లాడేవాళ్లు ఆర్థొడాక్స్ క్రైస్తవులు, 1994 నుంచి కొమ్రాత్ కేంద్రంగా స్వయంపాలన ఉంది. రొమేనియా, మోల్డోవా రెండింట్లోనూ భాషా దినోత్సవం ఆగస్టు 31నే. మన గిడుగువారి జయంతికి రెండు రోజుల తర్వాత అని గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: మా వైపు సవర మాట్లాడేవాళ్లున్నారు. ఒక్కొక్కరు ఒక్కో లిపిలో రాస్తారు. రొమేనియాలో ఇలా లెక్కకు అందని భాషలున్నాయా? – గుణుపురం నుంచి ఒక స్వచ్ఛంద కార్యకర్త

ఉన్నాయి. బకావ్ జిల్లా పల్లెల్లోని చాంగోలు కాథలిక్కులు, పాత హంగేరియన్ యాస మాట్లాడతారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆర్థొడాక్స్. చర్చిలో పూజ రొమేనియన్‌లో, బడి రొమేనియన్‌లో, ఇంట్లో మాత్రం చాంగో. జనగణనలో చాలామంది రొమేనియన్లమనే చెప్పుకున్నారు. దాంతో 20 శాతం గీత వీళ్లను తాకనే లేదు. ఐరోపా మండలి పార్లమెంటరీ సభ 2001లో 1521వ నంబరు సిఫారసులో ఈ యాస మాట్లాడేవాళ్లు 60 నుంచి 70 వేలమంది అంటూ, బడిలో నేర్పాలనీ చర్చిలో ఆ భాషలోనూ పూజకు వీలుండాలనీ కోరింది. ముందు పాఠాలు బడి బయట, స్వచ్ఛంద సంఘాల చేతుల మీదుగా మొదలయ్యాయి. మీలాంటివాళ్ల పనే అది.

ఇంకొకటి అరొమేనియన్. గ్రీసు, అల్బేనియా, ఉత్తర మాసిడోనియాల్లో ఉంది, వలస వచ్చినవాళ్ల ద్వారా రొమేనియాలోని దొబ్రుజాలోనూ ఉంది. రొమేనియా దాన్ని తన భాషకు మాండలికంగానే చూస్తుంది, అందుకే ఒడంబడికలోని ఇరవైలో దాని పేరు లేదు. కొందరు అరొమేనియన్లకు అది సమ్మతం, కొందరికి కాదు.

లిపి గురించి: సవరకు 1936లో మంగేయి గొమాంగో చేసిన సొరాంగ్ సొంపెంగ్ ఉంది, ఒడియా, తెలుగు, రోమన్ లిపుల్లోనూ రాస్తున్నారు. రొమేనియాలోని బనాత్ బల్గేరియన్లు మిగతా బల్గేరియన్ల సిరిలిక్‌ను కాదని లాటిన్ లిపిలో రాస్తారు, పుస్తకాలూ వేశారు. లిపి వేరైనంత మాత్రాన వాళ్ల భాష చెడలేదు. ఏ లిపిలో పిల్లల చేతికి ఎక్కువ పుస్తకాలు అందుతాయో ముందు ఆ లిపిలో అచ్చువేయండి.

ప్రశ్న: మా డీటీపీ సెంటరుకు రొమేనియా వీసా కాగితాలు, సర్టిఫికెట్లు వస్తున్నాయి. ‘ష’, ‘ట్స’ అక్షరాల చోట డబ్బాలు పడుతున్నాయి. వాళ్ల సైట్లో పేరు వెతికితే దొరకడం లేదు. ఎందుకు? – రాయగడ

ఒకేలా కనిపించే రెండు జతల అక్షరాలు ఉండటం వల్ల. రొమేనియన్‌కు సరైనవి, ఎస్ కిందా టి కిందా విడిగా కామా ఉన్నవి. తోక అతుక్కుని ఉన్న ఎస్ టర్కిష్‌ది. పాత కంప్యూటర్లలో కామా అక్షరాలు లేక అందరూ తోకవే కొట్టారు. కామావి యూనికోడ్‌లోకి 1999లో వచ్చాయి, పాత విండోస్ ఎక్స్‌పీ ఫాంట్లలో అవి ఉండేవి కావు. మీ డబ్బాలకు కారణం చాలావరకు అలాంటి పాత ఫాంటే, మారిస్తే పోతాయి.

వెతికితే దొరకకపోవడం వేరే జబ్బు. కంటికి ఒకటే అయినా కంప్యూటరుకు సంఖ్యలు వేరు. వర్డ్‌లో ఆల్ట్ నొక్కి పట్టుకుని కుడివైపు అంకెల మీటలతో కొట్టండి: చిన్న ఎస్ కామా 537, పెద్దది 536, చిన్న టి కామా 539, పెద్దది 538. తప్పు జత, అంటే తోకవి, 351, 350, 355, 354. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ఈ నాలుగింటినీ ఆ నాలుగింటితో మార్చేస్తే పాత ఫైలు శుభ్రపడుతుంది. అందులో టర్కిష్ పేర్లుంటే అన్నీ ఒక్కసారిగా మార్చకుండా ఒక్కొక్కటే చూసి మార్చండి.

రోజూ పని ఉంటే విండోస్‌లో రొమేనియన్ కీబోర్డు చేర్చుకోండి. మూడు రకాలు కనిపిస్తాయి. ‘లెగసీ’ వద్దు. ‘ప్రోగ్రామర్స్’ తీసుకుంటే ఇంగ్లీషు మీటలు ఎక్కడివక్కడే ఉంటాయి. కుడి ఆల్ట్‌తో ఎస్, టి కొడితే కామావి, ఐ కొడితే టోపీ ఐ, క్యూ కొడితే టోపీ ఎ, ఎ కొడితే గిన్నె ఎ వస్తాయి.

టోపీ ఐ, టోపీ ఎ రెండింటి ధ్వనీ ఒకటే, ఏది ఎక్కడన్నదానికి నియమముంది. 1993లో రొమేనియన్ అకాడమీ మార్చిన ప్రకారం మాట మొదటా చివరా టోపీ ఐ, మధ్యలో టోపీ ఎ. ఉపసర్గ అతికిన మాటల్లో మాత్రం మధ్యలోనూ టోపీ ఐ ఉంటుంది. 1993కు ముందరి సర్టిఫికెట్లలో మధ్యలో కూడా టోపీ ఐ కనిపిస్తే అది తప్పు కాదు, దిద్దకండి. ఇంటి పేర్లయితే ఎప్పుడూ కాగితంలో ఉన్నది ఉన్నట్టే కొట్టాలి. ప్రింటు తీసేముందు పీడీఎఫ్‌లో ఫాంటు ఎంబెడ్ అయిందో లేదో చూసుకోండి, లేకపోతే మీ తెర మీద సరిగ్గా ఉన్న పేరు అవతలి ఆఫీసులో మళ్లీ డబ్బాలుగా తెరుచుకుంటుంది.